గ్రేడుకూ గుణానికీ మధ్య: కన్సర్ట్ బ్యాండ్ రచనల ఎంపిక – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాశ్చాత్య సుషిరవాద్య బృందాలు ఏ రచనను వాయించాలో నిర్ణయించుకోవడం పైకి నిర్వహణకు సంబంధించిన పనిగా కనిపిస్తుంది. నిజానికి అది విమర్శకుని పని. ఆ పనిని ఒకవైపు పాఠశాలల గ్రేడు జాబితాలు, మరోవైపు ‘కళాత్మక యోగ్యత’ జాబితాలు తమ చేతుల్లోకి తీసుకున్నాయి. హోల్స్ట్, షోన్‌బర్గ్, గ్రేంజర్, హూసా మొదలైనవారి రచనల చరిత్ర ఆధారంగా ఈ రెండు రకాల జాబితాల బలాబలాలను పరిశీలించి, వాటిలో లోపించిన ఔచిత్యదృష్టిని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సుషిరవాద్య బృందం, కన్సర్ట్ బ్యాండ్, రచనల ఎంపిక, ఔచిత్యం, హోల్స్ట్, గ్రేంజర్, ఆస్ట్‌లింగ్, గ్రేడు జాబితా.

1. ఉపోద్ఘాతం:

మా అక్క కుటుంబం టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడి పాఠశాల బ్యాండులో క్లారినెట్ వాయించే మా అక్క కూతురిని ఒకసారి ఫోనులో, “ఇప్పుడు నేర్చుకుంటున్న రచన ఎలా ఉంది?” అని అడిగాను. “అది గ్రేడ్ త్రీ, పిన్నీ” అంది. బాగుందా అని మళ్లీ అడిగితే, “మా బ్యాండుకి సరిపోతుందని సార్ చెప్పారు” అని ఊరుకుంది. నేను అడిగింది గుణం. ఆ పిల్ల చెప్పింది కొలత. ఆమెకు ఆ రచన పరిచయమైన తీరే అది. స్వరకర్త పేరు కంటే ముందు, రచన పేరు కంటే కూడా ముందు, ఆమెకు తెలిసింది దాని అంకె.

ఏటా పాఠ్యాంశాలను ఎంపిక చేసే తెలుగు అధ్యాపకులకు ఈ స్థితి కొత్తది కాదు. ఒక పద్యభాగాన్ని ‘ఇది డిగ్రీ మొదటి సంవత్సరానికి సరిపోతుంది’ అన్న మాటతోనే స్వీకరించిన సందర్భాలు మనకూ ఉన్నాయి. కాని ఈ వ్యాసం మన పాఠ్యప్రణాళికల గురించి కాదు. బృందవాదనంలో ఇదే సమస్య ఎంత తీవ్రమైనదో, దానిపై అక్కడివారు ఎంత ఆలోచించారో, ఆ ఆలోచన ఎక్కడ ఆగిపోయిందో చూడటమే ఇక్కడి ప్రయత్నం.

ముందుగా రెండు మాటలు. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్, శాక్సఫోన్ వంటి దారువాద్య కుటుంబం, ట్రంపెట్, హార్న్, ట్రాంబోన్, యూఫోనియం, ట్యూబా వంటి లోహవాద్యాలు, తాళవాద్యాలు కలిస్తే కన్సర్ట్ బ్యాండ్. అందులో ఒక్కొక్క వాద్యభాగాన్ని పలువురు కలిసి వాయిస్తారు. సుషిరవాద్య బృందం, అంటే విండ్ ఆన్‌సాంబుల్, అవే వాద్యాలతో ఏర్పడినా ప్రాయికంగా ఒక్కో భాగానికి ఒక్కరే ఉంటారు. మన పెళ్లి ఊరేగింపుల బ్యాండుమేళంలో ఈ వాద్యాలలో కొన్ని కనిపిస్తాయి గాని, స్వరప్రతిని ముందుంచుకుని సభామందిరంలో వాయించే సంప్రదాయం దానికి లేదు. ఇక ‘కండక్టర్’ అనగానే మనకు బస్సు గుర్తుకు వస్తుంది కనుక, బృందాన్ని నడిపే వ్యక్తిని ఈ వ్యాసంలో నిర్దేశకుడు అని వ్యవహరిస్తున్నాను.

ఒక విద్యార్థి తన పాఠశాల జీవితంలో లోతుగా నేర్చుకోగలిగిన రచనలు బహు కొద్ది. ఒక్కో రచనపై వారాలు, కొన్నిసార్లు నెలలు గడుస్తాయి. పుస్తకాన్ని నచ్చకపోతే మూసేయవచ్చు. క్లారినెట్ మూడవ భాగం వాయించే పిల్లకు ఆ వీలు లేదు. నిర్దేశకుడు ఎంపిక చేసినదే ఆమెకు సంగీతం. కనుక ఎంపికలో జరిగే పొరపాటు మూల్యాన్ని చెల్లించేది ఎంపిక చేసినవారు కాదు.

2. అనువాదం నుండి స్వతంత్రరచనకు:

పంతొమ్మిదవ శతాబ్దంలో బ్యాండ్లకు కవాతు పాటలు, నృత్యసంగీతం, ఒపెరా నాందీసంగీతాలు, ఆర్కెస్ట్రా రచనల రూపాంతరాలు ముఖ్యమైన సామగ్రి. జాన్ ఫిలిప్ సూసా 1892లో నెలకొల్పిన బృందం వాగ్నర్ వంటివారి సంగీతాన్ని, ఆర్కెస్ట్రా అందుబాటులో లేని ఊళ్లకు సైతం చేర్చింది. తంత్రీవాద్యాలకు రాసినదాన్ని క్లారినెట్‌లకు మార్చుకోవడం ఒక రకమైన అనువాదమే. సాహిత్యచరిత్రను నన్నయతో ప్రారంభించే మనకు అనువాదాన్ని తక్కువగా చూసే అలవాటు లేదు. బ్యాండు ప్రపంచంలో మాత్రం అది క్రమంగా న్యూనతాభావంగా మారింది. తనదంటూ ఒక వాఙ్మయం లేని బృందం ఎరువు సొమ్ముతో బతుకుతోందన్న విమర్శ బలపడింది.

ఆ విమర్శకు సమాధానంగా నిలిచిన వ్యక్తి ఫ్రెడరిక్ ఫెనెల్. అమెరికాలో రోచెస్టర్ నగరంలోని ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలలో 1952లో ఆయన ఈస్ట్‌మన్ విండ్ ఆన్‌సాంబుల్‌ను స్థాపించారు. ఒక్కో భాగానికి ఒక్క వాదకుడు అన్న పద్ధతిని అక్కడే స్థిరపరిచారు. అంతకంటె ముఖ్యంగా, ప్రపంచవ్యాప్తంగా సుమారు నాలుగు వందల మంది స్వరకర్తలకు ఉత్తరాలు రాసి, ఇటువంటి బృందం ఒకటి ఏర్పడుతోందని, దానికోసం రాయవలసిందని కోరారు. 1953 ఫిబ్రవరిలో జరిగిన తొలి కచేరీలో మొజార్ట్ బి-ఫ్లాట్ సెరెనేడ్, వాలింగ్‌ఫర్డ్ రీగర్ నోనెట్, పాల్ హిండెమిత్ బి-ఫ్లాట్ సింఫనీ వినిపించారు. హిండెమిత్ సింఫనీ అప్పటికి రెండేళ్ల నాటిది. 1951 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో అమెరికా సైనిక బ్యాండుతో స్వరకర్త స్వయంగా నిర్దేశించి వినిపించినది.

ఈ కార్యక్రమ పట్టికను ఒక సంకలనంగా చదవాలి. పద్దెనిమిదవ శతాబ్దపు రచన, నాటి అమెరికన్ ఆధునిక రచన, పెద్ద బ్యాండు కోసమే పుట్టిన సింఫనీ – మూడూ సుషిరవాద్యాల కోసమే రాసినవి. ‘మాకూ ఒక పరంపర ఉంది, అది కొత్తది కాదు, ఇంకా ఆగలేదు’ అన్న వాదనను ఫెనెల్ మాటలతో కాక ఎంపికతో చేశారు. సంకలనకర్త పీఠిక రాయకపోయినా, ఎంపికే పీఠిక అవుతుందనడానికి ఇది మంచి నిదర్శనం.

అయితే ఫెనెల్ తరువాతి తరంలో ‘స్వతంత్రరచన’ అన్న మాట చరిత్రను సూచించడం మాని యోగ్యతను సూచించడం మొదలుపెట్టింది. ఇది నాకు అంగీకారం కాదు. బ్యాండు కోసమే రాసినంత మాత్రాన రచన గొప్పదైపోదు. వాఙ్మయం లేదన్న బెంగ ఉన్నచోట ముద్రణ వేగం పెరుగుతుంది. ముద్రణ వేగం పెరిగినచోట అచ్చు పోసినట్టుండే రచనలు పెరుగుతాయి. ప్రబంధయుగం చివరలో మనం చూసినది ఇటువంటిదే కదా.

3. హోల్స్ట్ సూట్ – దొరికినా కనిపించని రచన:

స్వతంత్రరచన ఉండటం వేరు, అది అందరికీ అందడం వేరు. గుస్టావ్ హోల్స్ట్ 1909లో రచించిన ఇ-ఫ్లాట్ మొదటి సూట్ ఈ తేడాకు ఉదాహరణ. సైనిక బ్యాండు కోసం రాసిన ఈ రచనకు తెలిసినంతలో తొలి ప్రదర్శన 1920లో, ఇంగ్లండ్‌లోని నెల్లర్ హాల్ సైనిక సంగీత పాఠశాలలో జరిగింది. మరుసటి ఏడు వాద్యభాగాలు అచ్చయ్యాయి గాని, అన్ని వాద్యాలూ ఒకేచోట కనిపించే సంపూర్ణ స్వరప్రతి 1948 వరకు వెలువడలేదు. స్వరకర్త చేతిరాతను ఆధారం చేసుకుని కాలిన్ మాథ్యూస్ సంస్కరించిన ప్రతి 1984లో వచ్చింది. అంటే దాదాపు మూడు దశాబ్దాలపాటు నిర్దేశకులు ఈ రచనను సంక్షిప్తప్రతిలోనే చదివారు. లేఖకుల ప్రతులతో, పాఠభేదాలతో కుస్తీ పట్టిన మన పరిష్కర్తలకు ఈ కథ చిరపరిచితమే.

సూట్‌లో మూడు భాగాలు: చకోన్, ఇంటర్‌మెజో, మార్చ్. చకోన్ అంటే ఒకే స్వరపంక్తిని పదేపదే ఆవృత్తి చేస్తూ, దానిపై ప్రతిసారీ కొత్త కల్పన చేసే రూపం. ఇక్కడ ఎనిమిది కొలతల పంక్తిని మొదట ట్యూబా, యూఫోనియంలు మంద్రంగా ఎత్తుకుంటాయి. ఆ పంక్తి తొలి మూడు స్వరాలే మూడు భాగాలకూ బీజం. చకోన్ మధ్యలో హోల్స్ట్ ఆ పంక్తిని తలకిందులు చేస్తాడు. ఎక్కినచోట దిగుతూ, దిగినచోట ఎక్కుతూ అది విషాదఛాయను సంతరించుకుంటుంది. చివరి మార్చ్ ఆరంభంలోనూ ఆ విలోమరూపమే కనిపిస్తుంది, కాని అక్కడ అది విజయధ్వానం. ఒకే ధాతువు నుండి రెండు విరుద్ధభావాలు పుట్టడం ఈ రచనలోని రహస్యం. మూడు భాగాలనూ మధ్యలో ఆపకుండా వాయించాలని హోల్స్ట్ కోరుకోవడానికి కారణం ఈ ఏకసూత్రతే. అయినా పాఠశాల కచేరీలలో మార్చ్‌ను మాత్రం విడదీసి వాయించడం కద్దు. అది కావ్యం నుండి వర్ణనను కత్తిరించి పాఠ్యాంశం చేయడం వంటిది. చెవికి ఇంపుగానే ఉంటుంది, బీజం మాత్రం కనిపించదు.

మరొక విశేషం వాద్యసంయోజన. పందొమ్మిది మంది ఉన్నా రచన నిలబడేలా హోల్స్ట్ ఆవశ్యక భాగాలను ఏర్పరచి, మిగిలినవాటిని ఐచ్ఛికం చేశాడు. బ్యాండ్ల పరిమాణం ఊరికొక తీరుగా ఉన్న కాలంలో ఇది లౌక్యం మాత్రమే కాదు, తన పాఠకులెవరో తెలిసిన రచయిత వివేకం.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఈ సూట్ రాసిన రోజుల్లోనే హోల్స్ట్ లండన్‌లో సంస్కృతం నేర్చుకుని, ఋగ్వేద సూక్తాలను స్వయంగా ఆంగ్లంలోకి మార్చుకుని బృందగానాలుగా కూర్చుతున్నాడు. మహాభారతంలోని సావిత్రీకథను చిన్న ఒపెరాగా మలిచాడు. కాళిదాసు మేఘసందేశం ఆధారంగా 1909–10లో ‘క్లౌడ్ మెసెంజర్’ అనే పెద్ద రచన చేశాడు. 1913లో లండన్‌లో వినిపించిన ఆ రచన ఆదరణ పొందలేదు. ఎంతో ఆశపెట్టుకున్న మేఘసందేశం మరుగున పడగా, సైనిక బ్యాండుకు రాసిన చిన్న సూట్ పాఠశాల పాఠశాలకూ చేరింది. రచన భవిష్యత్తును నిర్ణయించేది దాన్ని తలకెత్తుకునే బృందమే.

4. పది ప్రమాణాలు:

వందలాది రచనలు పోగుపడిన తరువాత వాటిని వడపోయవలసిన అవసరం ఏర్పడింది. 1978లో ఆక్టన్ ఆస్ట్‌లింగ్ అయోవా విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన ఈ రంగంలో మైలురాయి. ఇరవై మంది నిర్దేశకులు పధ్నాలుగు వందలకు పైబడిన రచనలను పది ప్రమాణాలపై అంచనా వేశారు. మూడు వందలకు కాస్త పైగా రచనలు మాత్రమే ‘గంభీర కళాత్మక యోగ్యత’ గలవిగా తేలాయి. ఇదే పద్ధతిలో 1993లో జే గిల్బర్ట్, 2011లో క్లిఫర్డ్ టౌనర్ పునఃపరిశీలనలు చేశారు.

ఆ పది ప్రమాణాలలో కొన్ని మనకు ఎరిగిన ముఖాల్లా కనిపిస్తాయి. రచనకు రూపం ఉండాలి. అంటే ఒక చట్రంలో ఇమడటం కాదు, ఆవృత్తికీ వైవిధ్యానికీ మధ్య తూకం ఉండాలి. తరువాత ఏం వస్తుందో ముందే తెలిసిపోకూడదు. ఎంచుకున్న దారి మరీ తేటతెల్లంగా ఉండకూడదు. శైలి ఆద్యంతం నిలకడగా ఉండాలి. దండి చెప్పిన దశగుణాలలో ‘సమత’ ఈ చివరిదానికి దగ్గరి చుట్టమే. పది అన్న సంఖ్యకు విమర్శలో ఏదో ఆకర్షణ ఉన్నట్టుంది. దండి పదింటిని తరువాత మమ్మటుడు మూడింటికి కుదించినట్టు, ఆస్ట్‌లింగ్ పదింటినీ ఎవరో ఒకరు కుదించకపోరు.

నా దృష్టిలో అసలు బలం చివరి ప్రమాణంలో ఉంది. రచన విలువ దాని చారిత్రక ప్రాముఖ్యాన్ని మించి ఉండాలన్నది అందులో ఒక అంశం. బోధనకు ఉపయోగపడటాన్ని మించి ఉండాలన్నది మరొకటి. పాఠశాలల్లోనే ఎక్కువగా బతికే ఒక సంగీతశాఖ, ‘బోధనకు పనికివస్తుంది’ అన్నది కళాయోగ్యత కాదని ప్రకటించుకోవడం చిన్న సాహసం కాదు.

అయితే పద్ధతిలో లోపముంది. పరీక్షకులు తమకు తెలిసిన రచనలనే అంచనా వేశారు. తెలియని రచన తప్పినట్టు కాదు, పరీక్షకు కూర్చోనట్టు. అసలు వినబడనిది ఎప్పటికీ యోగ్యం కాలేదు. యోగ్యమని ముద్రపడనిది వినబడటం కష్టం. ఈ వలయాన్ని పరీక్షకుల సంఖ్య పెంచడం ద్వారా ఛేదించలేం. వారంతా ఒకే రకమైన శిక్షణ నుండి, ఒకే రకమైన కచేరీల నుండి వచ్చినవారైతే ఇరవై మంది అభిప్రాయం ఒక్కరి అభిప్రాయానికి ఇరవై ప్రతులు కావచ్చు. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఫ్రెడోనియా శాఖలో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ కంపోజర్ డైవర్సిటీ, స్త్రీల రచనలనూ శ్వేతేతరుల రచనలనూ నిర్దేశకులు వెతుక్కునేలా పట్టికలు తయారు చేయడానికి పూనుకోవడం ఈ లోపం నుండే పుట్టిన పని.

రెండవ లోపం మరింత మౌలికమైనది. ఈ పది ప్రమాణాలలో వాయించేవారు లేరు, వినేవారు లేరు, చోటు లేదు, సమయం లేదు. రచన శూన్యంలో తూగుతుంది. క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో ఔచిత్యాన్ని పరిశీలించవలసిన స్థానాలు ఇరవై ఏడు చెప్పాడు. పదం, వాక్యం, గుణం, రసం వంటి అంతరంగ స్థానాలతోపాటు దేశం, కాలం, అవస్థ కూడా వాటిలో ఉన్నాయి. అతని దృష్టిలో గుణమైనా అలంకారమైనా తగినచోట ఉంటేనే రాణిస్తుంది. అతను చెప్పినది కావ్యం లోపలి పొందికను గురించే అయినా, ఆ దృష్టిని ప్రదర్శనకు విస్తరించడం అసంగతం కాదనుకుంటాను. మన సన్నాయి విద్వాంసులకు ఇది శాస్త్రం చదవకుండానే తెలుసు. దేవుని ఊరేగింపుకు మల్లారి వాయిస్తారు. మాంగల్యధారణ క్షణంలో, అంతవరకు ఎంత గొప్ప రాగాలాపన సాగుతున్నా, ఆపి గట్టిమేళం అందుకుంటారు. ఆ ఎంపికలో రచన గుణం, సందర్భం విడివిడిగా లేవు.

5. గ్రేడు చెప్పనిది:

ఆస్ట్‌లింగ్ జాబితాలో వాయించేవారు లేకపోతే, గ్రేడు జాబితాలో రచనే లేదు. ప్రచురణకర్తలు రచనలను సాధారణంగా ఒకటి నుండి ఆరు వరకు గ్రేడులుగా విభజిస్తారు. స్వరవ్యాప్తి ఎంత, లయ ఎంత జటిలం, ఏ శ్రుతిలో ఉంది, ఎంత నిడివి, ఎన్ని స్వతంత్ర వాద్యభాగాలు అన్నవి గ్రేడును నిర్ణయిస్తాయి. టెక్సాస్‌లో పాఠశాలల పోటీలను నిర్వహించే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ గ్రేడులవారీగా నిర్ణీత రచనల జాబితాను ప్రచురిస్తుంది. ఉపాధ్యాయునికి ఇది నిజంగా అవసరమైన సాయం. పన్నెండేళ్ల పిల్లల పెదవులు ఎంతసేపు ట్రంపెట్ పైస్వరాలను భరించగలవో తెలియకుండా రచన ఎంపిక చేయడం క్రూరత్వమే అవుతుంది.

చిక్కంతా గ్రేడును సోపానంగా భావించడంలో ఉంది. ఈ ఏడు మూడు, వచ్చే ఏడు నాలుగు. ఎక్కడమే లక్ష్యమైనప్పుడు మెట్టు అందం ఎవరికి కావాలి? ఒక గ్రేడుకు తగినట్టుగా కొలతలు వేసుకుని రాసిన రచనల్లో తరచు ఒకే ముఖకవళిక కనిపిస్తుంది: ధాటిగా ఆరంభం, మధ్యలో నెమ్మదిగా ఒక పాట, తిరిగి ధాటి, చివర తాళవాద్యాల హోరు. ప్రచురణకర్తలు నిపుణులతో వాయించి విడుదల చేసే నమూనా ధ్వనిముద్రణలలో ఇవి వెంటనే ఆకట్టుకుంటాయి. మొదటి అరనిమిషం విని ఎంపిక చేస్తే ఎంపికయ్యేది అరనిమిషమే.

గ్రేడు అవసరం, కళాసంకల్పం ఢీకొన్న ప్రసిద్ధ సందర్భం ఆర్నాల్డ్ షోన్‌బర్గ్‌ది. పాఠశాల బ్యాండ్లకు మంచి రచనలు లేవని, ఒకటి రాసిపెట్టమని ప్రచురణ సంస్థ అధిపతి కార్ల్ ఏంగెల్ ఆయనను కోరాడు. షోన్‌బర్గ్ 1943లో థీమ్ అండ్ వేరియేషన్స్, ఓపస్ 43ఎ, రాశాడు. తీరా చూస్తే అది పాఠశాలలకు మించిన బరువైంది. 1946లో గోల్డ్‌మన్ బ్యాండ్ అనే వృత్తి బృందం దానిని తొలిసారి వినిపించింది. పాఠశాల పిల్లల కోసం పుట్టిన రచన వాళ్లను దాటి పోయింది. దీనిని షోన్‌బర్గ్ వైఫల్యమనాలా? నా అభిప్రాయంలో సగం అవును. రచనగా అది ఉన్నతమైనది. ఉద్దేశించిన వాదకులకు అందకపోవడం మాత్రం ఔచిత్యభంగమే. హోల్స్ట్‌కు ఉన్న వివేకం ఇక్కడ కొరవడింది.

6. గ్రేంజర్ – మొదటి బృందానికి అందని రచన:

పై తీర్పును సందేహంలో పడేసే ఉదాహరణ కూడా ఉంది. పర్సీ గ్రేంజర్ 1905–06లలో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ ప్రాంతంలో జానపద గాయకుల పాటలు సేకరించాడు. 1906లో ఫోనోగ్రాఫ్ యంత్రాన్ని ఉపయోగించి వాళ్ల గొంతులను మైనపు సిలిండర్లపై పట్టుకున్నాడు. ఆ పాటలు ఎక్కువగా ఆధారమైన ఆరు భాగాల ‘లింకన్‌షైర్ పోసీ’ని 1937లో అమెరికన్ బ్యాండ్‌మాస్టర్స్ అసోసియేషన్ కోరికపై పూర్తి చేశాడు.

జానపద గేయాలను సేకరించేవారు సాధారణంగా పాఠాన్ని సరిచేస్తారు: తాళం తప్పినచోట సర్దుతారు, గాయకుడు సాగదీసినచోట కుదిస్తారు. గ్రేంజర్ అలా చేయలేదు. పాడినవారి సాగతీత, తొందర, ఊపిరి తీసుకున్న చోటు అన్నీ అతనికి పాటలో భాగమే. ఒక్కొక్క భాగం ఆ పాటను పాడిన వ్యక్తి చిత్రపటం కావాలన్నది అతని ఉద్దేశం. అందుకే ‘రఫర్డ్ పార్క్ పోచర్స్’ భాగంలో కొలతలు అడుగడుగునా మారుతుంటాయి. ‘లార్డ్ మెల్బోర్న్’ ఆరంభంలో నిర్ణీత తాళమే ఉండదు. నిర్దేశకుని చేయి ఎటు కదిలితే అటు బృందం స్వరం వేయాలి. బిరుదురాజు రామరాజుగారి పరిశోధనతో జానపద గేయాన్ని విద్యావిషయంగా చేసుకున్న మన శాఖలకు ఈ ప్రశ్న పరాయిది కాదు: మనం సేకరించినది పాటనా, పాట పాఠాన్నా? గ్రేంజర్ పాడిన తీరును సైతం స్వరప్రతిలోకి ఎక్కించాడు.

1937 మార్చిలో మిల్వాకీ నగరంలో తొలి ప్రదర్శన జరిగింది. వాయించినవారిలో ఆ ఊరి బీరు కర్మాగారాల కార్మిక బ్యాండ్ల సభ్యులు ఉన్నారు. ఆ రోజు వినిపించినవి ఆరు భాగాలలో మూడే. తక్కినవి వాళ్ల చేతికి లొంగలేదు. పైగా అచ్చయిన వాద్యభాగాల నిండా తప్పులు. ఫెనెల్ సంస్కరించిన సంపూర్ణ స్వరప్రతి 1987లో గాని రాలేదు. నేటి ఏ గ్రేడు పద్ధతిని అనుసరించినా ఆ రచనను ఆ బృందానికి ఇచ్చి ఉండేవారు కాదు. నేడు సుషిరవాద్య వాఙ్మయం అంటే మొదట తలచుకునే రెండు మూడు పేర్లలో అది ఒకటి.

షోన్‌బర్గ్‌ను తప్పుపట్టి గ్రేంజర్‌ను మెచ్చుకోవడంలో వైరుధ్యం ఉందని చదువరులు అనవచ్చు. కొంత ఉంది. అయినా ఇద్దరి కాఠిన్యానికీ మూలం వేరు. షోన్‌బర్గ్ రచనలో కష్టం స్వరకర్త శిల్పం నుండి వచ్చింది. గ్రేంజర్ రచనలో కష్టం పల్లెటూరి ముసలి గాయకుల గొంతు నుండి వచ్చింది. దాన్ని సులభం చేస్తే ఆ మనుషులే మాయమవుతారు. కాఠిన్యానికీ ఔచిత్యం ఉంటుంది.

7. సంఘటన, రచన:

చారిత్రక ప్రాముఖ్యాన్ని మించి నిలవాలన్న ప్రమాణానికి పరీక్ష కారెల్ హూసా ‘మ్యూజిక్ ఫర్ ప్రేగ్ 1968’. చెకొస్లొవాకియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హూసా, 1968 ఆగస్టులో సోవియట్ సేనలు తన దేశంలో ప్రవేశించిన వార్త విని దీన్ని రాశాడు. ఇథాకా కళాశాల బ్యాండ్ 1969 జనవరిలో వాషింగ్టన్‌లో వినిపించింది. తేదీని పేరులోనే పెట్టుకున్న రచన తేదీతోపాటు మాసిపోయే ప్రమాదం ఉంది. మన సందర్భకవిత్వంలో ఎంత భాగం అలా మాసిపోయిందో చెప్పనక్కరలేదు.

ఇది ఎందుకు మాసిపోలేదు? ఆరంభంలో పికోలో పిట్టకూతలా ఒంటరిగా పలుకుతుంది. ప్రేగ్ నగరం క్షణాలపాటే చూసిన స్వేచ్ఛకు అది సంకేతం. అడుగున టింపనీలపై పదిహేనవ శతాబ్దపు హుస్సైట్ యుద్ధగీతం తొలి స్వరాలు అతి మెల్లగా వినబడతాయి. మూడవ భాగం పూర్తిగా తాళవాద్యాలది. గోపురాల నగరానికి తగిన ఘంటానాదం రచన అంతటా వ్యాపించి ఉంటుంది. ఆ గీతం చివరకు బృందమంతటి గొంతుతో లేచి నిలుస్తుంది, కాని పూర్తి కాదు. గెలిచామని చెప్పడానికి వీలులేని కాలంలో గీతాన్ని పూర్తి చేయకపోవడమే సత్యం. 1968 గురించి ఏమీ తెలియని శ్రోతకు కూడా ఆ అసంపూర్తి తగులుతుంది. దీని ఆర్కెస్ట్రా రూపాన్ని హూసా 1990లో ప్రేగ్‌లోనే నిర్దేశించగలిగాడు.

ఇటీవలి రచనల్లో ఒమర్ థామస్ ‘ఆఫ్ అవర్ న్యూ డే బిగన్’ ఇదే కోవలోకి వస్తుంది. 2015లో చార్లెస్టన్ నగరంలోని ఇమాన్యుయేల్ చర్చిలో హత్యకు గురైన తొమ్మిది మంది నల్లజాతీయుల స్మృతికి రాసిన రచన అది. వాదకులు ఇందులో కాళ్లతో నేలను తాటిస్తారు, చప్పట్లు చరుస్తారు, గొంతు కలుపుతారు. అదే స్వరకర్త రాసిన ‘కమ్ సండే’ 2019లో రెవెల్లీ పురస్కారం పొందింది. నాలుగు దశాబ్దాలకు పైబడిన ఆ పోటీ చరిత్రలో ఒక నల్లజాతి స్వరకర్తకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ యోగ్యత లేకపోయిందా, యోగ్యతను వెతికే చూపు లేకపోయిందా అన్న ప్రశ్న ఈ ఒక్క వాస్తవంలోనే ఉంది. శ్రద్ధాంజలి పేరిట వచ్చే ప్రతి రచనా ఈ స్థాయిలో ఉండదు. విషాదం పేరు చెప్పి శ్రోతను ముందే లొంగదీసుకునేవీ ఉన్నాయి. పేరునూ పరిచయవాక్యాలనూ మూసిపెట్టి స్వరప్రతిని మాత్రమే చదివితే తేడా తెలుస్తుంది.

8. అన్వేషణ:

రచనలను కనుగొనే సాధనాలు నేడు తక్కువేమీ కాదు. 1997 నుండి సంపుటాలుగా వస్తున్న ‘టీచింగ్ మ్యూజిక్ త్రూ పెర్ఫార్మెన్స్ ఇన్ బ్యాండ్’ ఒక్కో రచనకు నేపథ్యం, రూపవిశ్లేషణ ఇస్తుంది. విండ్ రెపర్టరీ ప్రాజెక్ట్ వంటి నిఘంటువులు వేలాది రచనల వాద్యసంయోజన వివరాలను అందిస్తున్నాయి. కొత్త రచనను కోరి రాయించుకోవడానికి పది, ఇరవై బృందాలు కలిసి ఖర్చు పంచుకునే పద్ధతి వ్యాపించింది. కృతిభర్త ఒక్కరు కాక ఊరుమ్మడి అయ్యాడన్నమాట. సాధనాలు పెరిగిన కొద్దీ చదివే పని తగ్గుతుందనుకోవడమే భ్రమ. పట్టిక రచన ఉన్నచోటు చూపిస్తుంది. దానిని లోపలి చెవితో చదివి, ఎదుట కూర్చున్న ఈ నలభై మందికి ఈ ఏడు ఇది కావాలా అని నిర్ణయించవలసినది నిర్దేశకుడే.

సులభమైన రచన సామాన్యమైనదే కావాలన్న నియమం లేదనడానికి మైకేల్ కొల్‌గ్రాస్ ‘ఓల్డ్ చర్చెస్’ చాలు. 1978లో పులిట్జర్ బహుమతి పొందిన ఈ స్వరకర్త, అమెరికన్ కంపోజర్స్ ఫోరమ్ వారి ‘బ్యాండ్‌క్వెస్ట్’ వరుసలో, టొరంటోలోని ఒక పాఠశాల పిల్లల కోసం దీన్ని రాశాడు. పాత క్రైస్తవ మఠంలో సన్యాసుల స్తోత్రం వంటి ఏకధాటి పాట, దూరపు గంట, మధ్యమధ్య గుసగుస. కొన్నిచోట్ల స్వరాలు నిర్దిష్టంగా రాయకుండా గుర్తులతో సూచించి, ఎవరి వేగంతో వారు గొణుగుతున్నట్టు వాయించమంటాడు. వేళ్ల నైపుణ్యం పెద్దగా అక్కరలేదు. పక్కవారిని వినే చెవి కావాలి. ఏ గ్రేడు కొలతలోనూ ఆ చెవికి అంకె లేదు.

దీని ధ్వనిముద్రణను మా అక్క కూతురికి పంపాను. రెండుసార్లు విని, “ఇక్కడ అందరూ వేర్వేరుగా గొణుగుతున్నారు కదా పిన్నీ, తప్పు వాయిస్తే ఎలా తెలుస్తుంది?” అని అడిగింది. ఆ తరువాతి వారం వాళ్ల సార్‌కు కూడా వినిపించిందట. బాగుందన్నారట గాని, ఈ ఏటి పోటీకి రచనలు అప్పటికే ఖరారైపోయాయని చెప్పారట.